మెరుగైన సాంబ మసూరిలో అక్కడక్కడా ఎండాకు తెగులు: విత్తనం కలిసిందా, జన్యువు పోయిందా?

తూముకింద చేను (ప్రశ్న)

అందరికీ నమస్కారమండి. ఉండి దగ్గర కాలువ కింద రెండెకరాల్లో సార్వాకి మెరుగైన సాంబ మసూరి, అంటే ఆర్‌పీ బయో 226, ఊడ్చాం. విత్తనం మూడేళ్ల కిందట ధ్రువీకరించిన బస్తాగా తెచ్చింది. అప్పట్నుంచి ఇంట్లో దాచుకున్నదే వాడుతున్నాం. చుట్టూ స్వర్ణ, ఒక పక్కన మాత్రం మామూలు సాంబ మసూరి, అంటే బీపీటీ 5204.

చిరుపొట్ట దశలో గాలివాన తగిలింది. ఆ తర్వాత పది రోజులకి అక్కడక్కడా దుబ్బుల్లో ఆకులు కొస నుంచి ఎండుకుంటూ దిగుతున్నాయి. పది చోట్ల చదరపు మీటరు చొప్పున లెక్కపెడితే 330 దుబ్బుల్లో 12 దుబ్బులకి ఉంది. అవి ఒకచోట గుంపుగా లేవు, విడివిడిగా ఉన్నాయి. పక్క బీపీటీ చేను మాత్రం సగం పైగా ఎండిపోయింది.

ఈ రకంలో ఎండాకు తెగుల్ని తట్టుకునే జన్యువులు మూడు పెట్టారని అందరూ చెబుతారు. మరి ఈ 12 దుబ్బుల సంగతేంటి? ఏటా అదే విత్తనం వాడితే జన్యువు అరిగిపోతుందా? పక్క చేల పుప్పొడి వచ్చి పడిందా? పడిందే అనుకున్నా, ఆ మూడింట్లో ఒకటైన ఎక్స్‌ఏ 21 బహిర్గత జన్యువు కదా, ఒక్క ప్రతి ఉన్నా చాలాలి కదండీ? వచ్చే ఏడాదికి ఈ చేలోంచి విత్తనం తీసుకోవచ్చో లేదో కూడా చెప్పండి.

ఆకు చివర

ముందు అది ఎండాకు తెగులేనా అన్నది తేల్చుకోండి. జన్యువుల సంగతి ఆ తర్వాత. కొసలు ఎండటానికి ఉప్పు, పొటాష్ లోపం, గాలికి ఆకులు రాసుకోవడం, ఇలా కారణాలు చాలా ఉంటాయి.

మచ్చ ఎక్కడ మొదలైందో చూడండి. ఎండాకు తెగులు తెచ్చేది ఒక బాక్టీరియా. అది ఆకు కొసలోనూ అంచుల్లోనూ ఉండే సన్నని నీటి రంధ్రాల గుండా, గాయాల గుండా లోపలికి పోతుంది. నీళ్లు మోసే నాళాల్లో పెరుగుతుంది. అందుకే మచ్చ అంచు వెంట కిందికి పాకుతుంది. ఎండిన భాగానికీ పచ్చ భాగానికీ మధ్య గీత తిన్నగా ఉండదు, అల అలలుగా ఉంటుంది. తెల్లవారుజామున మంచు ఆరకముందు వెళితే మచ్చ మీద పసుపుపచ్చని చిన్న చిన్న జిగురు బొట్లు కనిపిస్తాయి. ఎండెక్కితే అవి గట్టిపడి రాలిపోతాయి, మధ్యాహ్నం వెళ్లినవాళ్లకి కనపడవు.

ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఒకటుంది. పసుపూ పచ్చా కలిసే చోట ఆకుని అంగుళం ముక్కగా పదునైన బ్లేడుతో కోయండి. పూర్తిగా ఎండిన ముక్క పనికిరాదు, అందులో బతికున్న బాక్టీరియా తక్కువ. గాజు గ్లాసులో తేరిన నీళ్లు పోసి, కోసిన అంచు కిందికి ఉండేలా ముక్కని నీళ్లలోకి వేలాడదీయండి. కదపకుండా వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి. ఎండాకు తెగులైతే కొద్ది నిమిషాల్లో కోసిన అంచు నుంచి పాలదారంలాంటిది సన్నగా కిందికి దిగుతుంది. అరగంటకి నీళ్లు మసకబారతాయి. ఉప్పువల్ల, పొటాష్ లోపంవల్ల ఎండిన ఆకు నుంచి ఏమీ రాదు.

ఇంకొక తేడా తప్పకుండా గమనించాలి. ఈనెల మధ్య సన్నని గీతల్లా, వెలుతురుకి పెడితే అద్దంలా కనిపించే చారలు ఉంటే అది బాక్టీరియా ఆకుచార తెగులు. అది దీనికి దగ్గరి చుట్టమైన వేరే బాక్టీరియా పని. గ్లాసు పరీక్షలో అదీ జిగురు వదులుతుంది కాబట్టి మచ్చ ఆకారం చూడకుండా ఒక్క గ్లాసునే నమ్ముకోకూడదు. ఎక్స్‌ఏ 21 దాన్ని ఆపదు. ఆకుచార వచ్చిన చేను చూసి "నిరోధక రకం పనిచేయలేదు" అనుకోవడం మామూలే, అక్కడ తప్పు రకానిది కాదు.

ఈలోగా నత్రజని పైపాటు మిగిలుంటే ఆపేయండి. తెగులున్న చేలోంచి మరో చేలోకి నీళ్లు పారించకండి. దీనికి మందు కొట్టి పూర్తిగా అణిచే దారి లేదు. అందుకే ఇంత కష్టపడి జన్యువులు ఎక్కించారు.

కంకి సంచి

ఆ "ఒక్క ప్రతి చాలాలి కదా" అన్న ప్రశ్నలోనే అసలు కీలకం ఉంది. విడమరిచి రాస్తాను.

వరిలో ప్రతి జన్యువుకీ రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒకే జన్యువు వేర్వేరు రూపాల్లో ఉండొచ్చు, ఆ రూపాలే యుగ్మవికల్పాలు. రెండు ప్రతులూ ఒకే రూపమైతే సమయుగ్మజం, వేరైతే విషమయుగ్మజం. మెరుగైన సాంబ మసూరిని హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి తయారుచేశాయి, 2008లో విడుదలైంది. దానిలో ఎక్స్‌ఏ 21, ఎక్స్‌ఏ 13, ఎక్స్‌ఏ 5 అనే మూడూ సమయుగ్మజంగా ఉన్నాయి. ఈ మూడూ ఒకేలా పనిచేయవు.

ఎక్స్‌ఏ 21 ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చింది. 1995లో దాన్ని విడదీసి చదివారు. కణం పైపొర మీద కూర్చుని బాక్టీరియా వదిలే ఒక చిన్న ప్రోటీన్ ముక్కని పసిగట్టే గ్రాహకం అది. పసిగట్టగానే మొక్క రక్షణ మొదలవుతుంది. పసిగట్టడానికి ఒక ప్రతి ఉన్నా సరిపోతుంది, అందుకే బహిర్గతం. రెండు ప్రతులుంటే ఇంకాస్త గట్టిగా ఉంటుంది.

ఎక్స్‌ఏ 13 తీరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. మామూలు వరిలో ఈ చోట ఉండే జన్యువు కణం లోంచి చక్కెరని బయటికి వదిలే ద్వారాన్ని తయారుచేస్తుంది. బాక్టీరియా తన ప్రోటీన్‌ని మొక్క కణంలోకి ఎక్కించి, ఆ జన్యువు ముందుభాగంలో అంటించి, దాన్ని బలవంతంగా నడిపిస్తుంది. చక్కెర బయటికి కారుతుంది, బాక్టీరియా తింటుంది. నిరోధక రూపంలో ఆ ముందుభాగం మారిపోయి ఉంటుంది, బాక్టీరియా ప్రోటీన్ అంటుకోవడానికి చోటు దొరకదు. చేనుకి రెండు తూములున్నాయనుకోండి. ఒకటి బిగించినా రెండోది తెరుచుకుంటే నీళ్లు వచ్చేస్తాయి. అలాగే రెండు ప్రతుల్లో ఒకటి మామూలుదైతే బాక్టీరియాకి అదే చాలు. రెండూ మారిన రూపమైతేనే రక్షణ. అంతర్గతం అనేది అందుకే. ఇంకో సంగతి: పుప్పొడి ఎదగడానికీ ఇదే జన్యువు కావాలి. జన్యువునే మొత్తం తీసేస్తే తాలు పడుతుంది. ముందుభాగం మాత్రమే మారింది కాబట్టి ఆకుకి రక్షణా దొరికింది, గింజా పడుతోంది.

ఎక్స్‌ఏ 5 కూడా అంతర్గతమే. జన్యువుల్ని నడిపించే యంత్రాంగంలో ఒక ప్రోటీన్ ఉంది, అందులో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారింది. బాక్టీరియా ప్రోటీన్లు ఆ యంత్రాంగాన్ని పట్టుకునే తమ పని చేసుకుంటాయి. ఈ మారిన రూపంతో వాటికి పట్టు దొరకదు. ఇక్కడా మామూలు ప్రతి ఒక్కటున్నా బాక్టీరియా దాన్ని వాడుకుంటుంది.

ఇప్పుడు మీ చేలో దుబ్బు మీద పక్క బీపీటీ పుప్పొడి పడిందనుకుందాం. ఆ గింజ నుంచి వచ్చిన మొక్కలో మూడూ విషమయుగ్మజాలే. ఎక్స్‌ఏ 13, 5 పనిచేయవు, ఎక్స్‌ఏ 21 ఒక్క ప్రతితో కాపాడుతుంది. అంటే మొదటి తరం సంకరం తెగులు చూపించదు, మీ లెక్క అంతవరకూ నిజమే. తేడా దాని పిల్లల్లో వస్తుంది. ఎక్స్‌ఏ 21 అసలే లేనివి నాలుగో వంతు. ఎక్స్‌ఏ 13 రెండు ప్రతులూ దొరకనివి ముప్పాతిక, ఎక్స్‌ఏ 5 కూడా అంతే. మూడూ వేర్వేరు క్రోమోజోముల మీద, అంటే 11, 8, 5 మీద, ఉన్నాయి కాబట్టి గుణించేయొచ్చు. నాలుగో వంతు ఇంటూ ముప్పాతిక ఇంటూ ముప్పాతిక అంటే 64లో 9, సుమారు 14 శాతం. ఏ రక్షణా లేని మొక్కలు ఇవే.

జన్యువు అరగడం అనేది లేదండి. సమయుగ్మజంగా ఉన్న మొక్క తన పుప్పొడితో తనే గింజ కడితే పదేళ్లయినా అదే రూపం వస్తుంది. మారిందంటే బయటిదేదో కలిసింది, లేదా బాక్టీరియా మారింది.

కళ్లం కబుర్లు

పైన వేసిన లెక్కని మీ 12 దుబ్బులకి పెట్టి చూస్తే పుప్పొడి మీద అనుమానం తీరిపోతుంది.

వరి తన పుప్పొడితో తనే గింజ కడుతుంది. పక్క చేను పుప్పొడితో కట్టేది సాధారణంగా ఒక శాతం లోపే. అర శాతం అనుకుందాం. మొదటి ఏడు మీ గింజల్లో అర శాతం సంకరాలు. రెండో ఏడు అవి మొక్కలై నిలబడతాయి, తెగులు రాదు. మూడో ఏడు వాటి పిల్లలు చేలో అర శాతం ఉంటాయి, వాటిలో 14 శాతం మాత్రమే తెగులు చూపిస్తాయి. అంటే వెయ్యికి ఒక మొక్క కూడా కాదు. మీకు కనిపించింది 330కి 12 దుబ్బులు, అంటే 3.6 శాతం. ఇది పుప్పొడి వల్ల వచ్చే సంఖ్య కాదు, గింజలు కలిసిన సంఖ్య.

దుబ్బుకి రెండు మూడు మొక్కలు ఊడుస్తారు కాబట్టి దుబ్బుల శాతం వేరు, గింజల శాతం వేరు. దుబ్బుకి మూడు మొక్కలనుకుంటే 3.6 శాతం దుబ్బుల్లో కనీసం ఒకటి తేడా మొక్క ఉండాలంటే విత్తనంలో 1.2 శాతం కలిసుంటే చాలు. రెండెకరాలకి 40 కిలోల విత్తనం వేస్తే అందులో దాదాపు అర కిలో. కోత యంత్రం పక్క బీపీటీ కోసి తిన్నగా మీ చేలోకి దిగితే దాని తొట్టెలోనూ జల్లెళ్లలోనూ మిగిలే గింజలు అంతకన్నా ఎక్కువే.

ఒక పని చేయండి. తెగులున్న దుబ్బు ఒకటి వేళ్లతో సహా పెరికి, బురద కడిగి, మొక్కల్ని విడదీయండి. దుబ్బులో ఒక మొక్క తాలూకు పిలకలన్నీ ఎండి, పక్క మొక్క పిలకలన్నీ పచ్చగా ఉంటే అది విత్తనం కలిసినట్టే. అన్ని మొక్కలకీ సమానంగా ఉంటే వేరే కారణం వెతకాలి. స్వర్ణ కలిస్తే గింజ లావు చూసి, ఎత్తు చూసి గుర్తుపట్టొచ్చు. బీపీటీ కలిస్తే కంటికి తేడా తెలియదు, ఎందుకంటే మీ రకం బీపీటీనే, ఆ మూడు జన్యువుల దగ్గర తప్ప మిగతాదంతా ఇంచుమించు ఒకటే. అందుకే ఈ రకంలో బెరుకులు (కలిసిన వేరే రకం మొక్కలు) ఏరడం మామూలు రకాలకన్నా కష్టం. తెగులు వచ్చిన ఏడాదే అవి బయటపడతాయి.

కలిసే చోట్లు ఇంకా ఉన్నాయి. కిందటి పంటలో రాలిన గింజలు దమ్ములో మొలకెత్తి ఊడ్పు మొక్కల వరసల మధ్య లేస్తాయి. ఒకే కళ్లంలో రెండు రకాలు ఆరబెట్టడం, ఖాళీ గోనెల్ని దులపకుండా మళ్లీ నింపడం, ఆకుమడి పక్కపక్కనే పోయడం. ఆకుమడిలో గట్టు దాటి కొట్టుకొచ్చిన గింజలే చాలాసార్లు దోషి. వాన పడిన రాత్రి మొలక గింజ చల్లిన మడిలోంచి పక్క మడిలోకి పోతుంది.

తూముకింద చేను

చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలండి. గ్లాసు పరీక్ష చేశాం, పాలదారం దిగింది. మచ్చ అంచు వెంటే ఉంది, చారలు లేవు. ఆరు దుబ్బులు పెరికి చూస్తే ఐదింటిలో ఒక్కో మొక్కకే తెగులు, పక్క మొక్కలు శుభ్రం. ఆరోదానిలో మాత్రం మూడు మొక్కలకీ కొసలు రెండు మూడు అంగుళాలు ఎండాయి, అక్కడితో ఆగిపోయినట్టుంది. అదేంటి? ఊడ్చేటప్పుడు నారు కొసలు తుంచి ఊడ్చారు, దానివల్ల ఏమైనా అవుతుందా?

ఆకు చివర

ఐదు దుబ్బుల సంగతి తేలిపోయింది. ఆరోది కూడా బహుశా మీ రకమే. నిరోధకం అంటే బాక్టీరియా అసలు లోపలికి పోదని కాదు. లోపలికి పోతుంది, కొంత దూరం పాకుతుంది, ఆగిపోతుంది. పక్క బీపీటీలో తెగులు బలంగా ఉన్నప్పుడు గాలివానలో చినుకులతో పాటు బాక్టీరియా మీ ఆకుల మీద కుమ్మరించినట్టు పడుతుంది. చిన్న మచ్చలు రావడం సహజం. వారం తర్వాత మళ్లీ కొలవండి. ఇప్పుడే మచ్చ చివర బాల్‌పెన్‌తో గీత పెట్టండి. గీత దాటి రెండు మూడు అంగుళాలు దిగితే ఆలోచించాలి, అక్కడే నిలిస్తే జన్యువు పనిచేస్తోంది.

కొసలు తుంచడం గురించి. కాండం తొలుచు పురుగు గుడ్లు కొసల మీద ఉంటాయి కాబట్టి తుంచమంటారు, అది మంచి సలహానే. ఎండాకు తెగులు ఏటా వచ్చే చేలలో మాత్రం ఆ తెగిన చోటే బాక్టీరియాకి దారి. ఆకుమడిలో ఒక్క మొక్కకి తెగులున్నా తుంచే చేతులతో, కట్టలు కట్టి నిలబెట్టిన నీళ్లతో మిగతా నారంతటికీ అంటుతుంది. అలాంటి చోట తుంచకండి. గుడ్ల కోసం ఆకుమడిలోనే పురుగుకి తగిన చర్య తీసుకోండి.

ఎక్స్‌ఏ 21కి ఒక లోపముంది, చాలామంది చెప్పరు. లేత నారులో అది బలంగా పనిచేయదు. మొక్క ఎదిగేకొద్దీ బలం వస్తుంది. ఊడ్చిన రెండు మూడు వారాల్లో మొక్క మొత్తం వాడి చచ్చిపోయే రూపంలో తెగులు వచ్చినప్పుడు ఎక్స్‌ఏ 21 ఒక్కటే ఉన్న రకం మోసపోవచ్చు. ఆ వయసులో కాపాడేది ఎక్స్‌ఏ 5, 13. మూడింటినీ కలిపి పెట్టడానికి ఇదొక కారణం.

రెండో కారణం బాక్టీరియా వైపు ఉంది. దానికీ జన్యువులున్నాయి, అవీ మారతాయి. ఎక్స్‌ఏ 4 అనే జన్యువుని 1970ల నుంచి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవైన ఎన్నో ఐఆర్ రకాల్లో విస్తారంగా సాగుచేశారు. దాన్ని దాటే బాక్టీరియా తెగలు పెరిగిపోయాయి. ఎక్స్‌ఏ 21 ఒక్కదాన్నే దాటే తెగలు మన దేశంలోనూ దొరికాయి. ఎక్స్‌ఏ 13ని దాటాలంటే బాక్టీరియా వేరే చక్కెర ద్వారాన్ని తెరిచే ప్రోటీన్ సంపాదిస్తే చాలు, అలాంటివీ ఉన్నాయి. మూడింటినీ ఒకేసారి దాటడం మాత్రం ఒక్క తెగకి చాలా కష్టం. కాబట్టి చేనంతా సమానంగా, గాలి దిశలో పెద్ద పట్టీలుగా, అన్ని మొక్కలకీ మచ్చలు పొడవుగా దిగుతుంటే అది కొత్త తెగ లక్షణం. అప్పుడు తప్పకుండా మార్టేరు పరిశోధన స్థానం వాళ్లకో, మీ వ్యవసాయ అధికారికో చూపించాలి. మీది అలా లేదు.

మొలక

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. పడమటి డెల్టాలో చాలావరకు స్వర్ణ కదండీ. మార్టేరులో పుట్టిన ఆ స్వర్ణలోకి, అంటే ఎంటీయూ 7029లోకి, ఇవే మూడు జన్యువులు మనమే సంకరం చేసి తెచ్చుకోవచ్చా? వ్యవసాయ బీఎస్సీ చదివే పిల్లలకి ప్రాజెక్టుగా ఇవ్వాలనుకుంటున్నాం.

కంకి సంచి

కటక్‌లోని జాతీయ వరి పరిశోధన సంస్థ ఇప్పటికే స్వర్ణలోకి ఈ మూడూ ఎక్కించింది, సాగు కోసమైతే కొత్తగా చేయాల్సిన పని లేదు. పిల్లలు నేర్చుకోవడానికైతే ఇంతకన్నా మంచి ప్రాజెక్టు దొరకదు. చేసే తీరు రాస్తాను.

స్వర్ణని ఆడ మొక్కగా తీసుకోండి. రెండు రకాలూ ఒకేసారి పూతకి రావాలి కాబట్టి మెరుగైన సాంబ మసూరిని వారం పది రోజుల తేడాతో మూడు దఫాలుగా పోయండి. పొట్ట నుంచి సగం బయటికొచ్చిన కంకి ఎంచుకోండి. సాయంత్రం పూట, పైన అప్పటికే పూసిన పూలనీ కింద మరీ లేతవాటినీ కత్తిరించేయండి. మిగిలిన ఒక్కో పువ్వు పైభాగం మూడో వంతు ఏటవాలుగా కత్తిరించి, సన్నని చిమటాతో ఆరు కేసరాలూ తీసేయండి. ఆరూ లెక్కపెట్టి తీయాలి, ఒక్కటి మిగిలినా పువ్వు తన పుప్పొడితోనే గింజ కడుతుంది. బటర్ పేపర్ సంచి తొడిగి తేదీ రాయండి. మర్నాడు పొద్దున తొమ్మిదిన్నర, పదకొండున్నర మధ్య మగ కంకి పూలు విచ్చుకునేటప్పుడు తెచ్చి సంచిలో దులపండి. ఐదారు రోజులకి కట్టిన గింజ పచ్చగా పైకి పొడుచుకొస్తుంది, పొట్టు కత్తిరించాం కాబట్టి సగం బయటికే ఉంటుంది. నాలుగు వారాలకి కోసుకోవచ్చు.

మొదటి తరంలో మొక్కలన్నీ మూడింటికీ విషమయుగ్మజాలు. వాటిని స్వయంగా గింజ కట్టనిస్తే, మూడూ సమయుగ్మజంగా వచ్చేవి 64లో ఒకటే. అలాంటిది కనీసం ఒకటి ఉంటుందని 99 శాతం నమ్మకం కావాలంటే రెండో తరంలో 293 మొక్కలు పెంచాలి. 95 శాతం చాలనుకుంటే 191. పిల్లలు ఇక్కడే పొరపడతారు, 64 మొక్కలు పెడితే ఒకటి ఖాయమనుకుంటారు. 64 పెడితే ఒక్కటీ రాకపోయే అవకాశం మూడో వంతు పైనే ఉంది.

అలా దొరికిన మొక్క సగం స్వర్ణ, సగం సాంబ. స్వర్ణ గుణాలన్నీ తిరిగి రావాలంటే మొదటి తరాన్ని మళ్లీ స్వర్ణతోనే కలుపుతూ పోవాలి. ఒక్కో వెనక్కి సంకరానికి స్వర్ణ పాలు సగటున 75, 87.5, 93.75, 96.9 శాతంగా పెరుగుతుంది. ప్రతి దఫాలో మూడు జన్యువులనీ మోసే మొక్కలు ఎనిమిదికి ఒకటి. 35 మొక్కలు పరీక్షిస్తే కనీసం ఒకటి దొరకడం 99 శాతం ఖాయం.

అసలు చిక్కు ఆ మొక్కని గుర్తుపట్టడంలో ఉంది. వెనక్కి సంకరంలో ఎక్స్‌ఏ 13, 5 ఎప్పుడూ ఒక్క ప్రతిగానే ఉంటాయి, తెగులు అంటించి చూస్తే వాటి ఉనికి బయటపడదు. పైగా ఎక్స్‌ఏ 21 ఉన్న మొక్క ఎలాగూ పచ్చగానే ఉంటుంది, దాని చాటున మిగతా రెండూ ఉన్నాయో లేవో కంటికి తెలియదు. పూర్వం ప్రతి దఫా తర్వాత ఒక తరం స్వయంగా గింజ కట్టించి చూడాల్సి వచ్చేది. డీఎన్‌ఏ మార్కర్లు, అంటే జన్యువు ఏ రూపంలో ఉందో చూపే డీఎన్‌ఏ గుర్తులు, వచ్చాక ఆ అవసరం పోయింది. లేత ఆకు ముక్క నుంచి డీఎన్‌ఏ తీసి, పీసీఆర్ చేసి (కావాల్సిన ముక్కకి లెక్కలేనన్ని ప్రతులు తీసి), ముక్కల్ని పొడవుని బట్టి విడదీసే జెల్ మీద నడిపిస్తారు. ఎక్స్‌ఏ 21కి వాడే పీటీఏ 248 మార్కర్‌తో నిరోధక రూపం సుమారు 950 బేస్‌ల (డీఎన్‌ఏ పొడవుకి కొలత) దగ్గర, మామూలు రూపం సుమారు 650 దగ్గర గీతగా కనిపిస్తుంది. విషమయుగ్మజమైతే రెండు గీతలూ వస్తాయి. ఎక్స్‌ఏ 13 ముందుభాగానికి చేసిన మార్కర్‌లో నిరోధక రూపం పెద్దది, సుమారు 500, మామూలుది అందులో సగం. ఈ రెంటికీ ఒకటిన్నర, రెండు శాతం అగరోజ్ జెల్ సరిపోతుంది. ఎక్స్‌ఏ 5కి వాడే ఆర్‌ఎం 122లో తేడా పది బేస్‌ల లెక్కన ఉంటుంది, మూడున్నర శాతం జెల్ పోసి నెమ్మదిగా నడపకపోతే రెండు గీతలూ ఒకటిగానే కనిపిస్తాయి. ప్రతి జెల్‌లోనూ స్వర్ణ, మెరుగైన సాంబ, రెంటి మొదటి తరం, మూడూ పక్కన నడపండి. పోల్చుకోవడానికి అవి లేకపోతే ఆ జెల్ చూసి ఏమీ తేల్చలేం.

ఒక హెచ్చరిక. ప్రతి తెగులూ ఇలా ఒక్కో జన్యువుకి లొంగదు. పాముపొడ తెగుల్ని పూర్తిగా ఆపే పెద్ద జన్యువు వరిలో ఇప్పటిదాకా లేదు. కొద్దికొద్దిగా సాయంచేసే జన్యువులు చాలా ఉన్నాయి, వాటికి తోడు మొక్కల మధ్య దూరం, యూరియా మోతాదు, పైరులో గాలి ఆడటం. అక్కడ 64కి ఒకటి లాంటి లెక్క పనిచేయదు, ఎక్కువ తక్కువలు వరసగా ఉంటాయి. ముంపు సంగతి మళ్లీ వేరు. స్వర్ణ సబ్-1లో ఉన్నది ఒక్క పెద్ద జన్యువే, ఒడిశా రకం ఎఫ్‌ఆర్ 13ఏ నుంచి వచ్చింది. నీట మునిగినప్పుడు మొక్క పొడవు సాగకుండా శక్తి దాచుకుంటుంది, రెండు వారాల దాకా తట్టుకుంటుంది. అయితే అది పిలకల దశ ముంపుకే. పూత మీద మునిగితే, లేదా నెలల తరబడి నడుము లోతు నిలిచే నీళ్లకి, ఆ జన్యువు అక్కరకు రాదు.

కళ్లం కబుర్లు

తూముకింద చేను గారూ, వచ్చే ఏటి విత్తనం గురించి. తిండికి పనికొస్తుంది, మొత్తం చేను కోసి విత్తనంగా మాత్రం దాచకండి. ధ్రువీకరించిన విత్తనానికి చేలో బెరుకులు 0.2 శాతం మించకూడదు, మూల విత్తనానికి 0.05. మీది దానికి చాలా పైన ఉంది. సులువైన దారి కొత్తగా మూల విత్తనం తెచ్చుకోవడం. ఈ విత్తనాన్నే శుద్ధి చేసుకోవాలంటే ఇలా చేయొచ్చు.

చేను మధ్యలో, గట్లకి కనీసం మూడు మీటర్లు లోపల, తెగులు లేని దుబ్బుల్లో ఒక్కో మొక్క నుంచి ఒక్కో కంకి చొప్పున వంద కంకులు తీసుకోండి. బీపీటీ వైపు గట్టు దరిదాపులకి వెళ్లకండి. గింజ సన్నగా, ఒకే తీరుగా ఉన్నవే ఉంచండి. ప్రతి కంకినీ విడిగా కవర్లో వేసి నంబరు రాయండి. వచ్చే సార్వాలో ఒక్కో కంకి గింజల్ని ఒక్కో వరసగా, దుబ్బుకి ఒక్క మొక్క చొప్పున, వరసకి 40 మొక్కలు ఊడ్చండి. 40 ఎందుకంటే, ఆ కంకి గనక మూడింటికీ విషమయుగ్మజమైన మొక్కదైతే వరసలో 64కి 9 చొప్పున తెగులు తగిలేవి ఉంటాయి. 40 మొక్కల్లో ఒక్కటీ బయటపడకుండా తప్పించుకునే అవకాశం నాలుగొందల్లో ఒకటి లోపే. 20 మొక్కలే పెడితే అది ఇరవైకి ఒకటి అవుతుంది.

తెగులు దానంతటది వస్తుందని ఎదురుచూడకూడదు, రాని ఏడాది అన్నీ మంచి వరసల్లాగే కనిపిస్తాయి. పిలకలు పూర్తిగా వేసిన దశలో, తెగులున్న ఆకుల్ని తరిగి నీళ్లలో పావుగంట ఉంచి, గుడ్డలో వడకట్టి, ఆ నీళ్లలో కత్తెర ముంచి ఒక్కో మొక్కకి నాలుగైదు ఆకుల కొసలు అంగుళం మేర కత్తిరించండి. ఎండ తగ్గాక చేయాలి. రెండు వారాలకి మచ్చ కొలవండి. 5 సెంటీమీటర్ల లోపు ఆగితే నిరోధకం, 15 దాటితే తెగులు తగిలే మొక్క. పోల్చడానికి మధ్యలో మామూలు బీపీటీ వరస ఒకటి తప్పనిసరి, దానికి కూడా మచ్చ దిగకపోతే మీ కత్తెర నీళ్లలో బాక్టీరియా లేదన్నమాట, మళ్లీ చేయాలి. తెగులు లేని ఊళ్లోకి ఈ ఆకులు తీసుకెళ్లి ఈ పని చేయకండి.

వరసలో ఒక్క మొక్క తెగులుకి లొంగినా ఆ వరస మొత్తం తీసేయండి. మిగిలిన వరసలన్నీ కలిపి కోసి, 13 శాతం తేమకి ఆరబెట్టి దాచండి.

కంకి సంచి

దానికి ఒక్క మాట చేర్చాలి. కత్తెర పరీక్షలో గెలిచిన వరసలో ఎక్స్‌ఏ 21 ఒక్కటే మిగిలి, 13, 5 జారిపోయి ఉండొచ్చు. పైకి తెలియదు. అందుకే మిగిలిన వరసల్లో ఒక పదింటి నుంచి లేత ఆకు ముక్కలు, ఒక్కొక్కటి నాలుగు అంగుళాలు, విడివిడి కవర్లలో సిలికా జెల్ వేసి ఆరబెట్టి, వ్యవసాయ జీవసాంకేతిక ప్రయోగశాలలో మూడు మార్కర్లకీ చూపించండి. వరసకి ఒక మొక్క చాలదు, నాలుగు మొక్కల ఆకులైనా విడిగా ఇవ్వండి. ఎక్స్‌ఏ 13 దగ్గర చిన్న గీత గానీ, ఎక్స్‌ఏ 5 దగ్గర స్వచ్ఛమైన మెరుగైన సాంబకి లేని గీత గానీ ఒక్క మొక్కలో కనిపించినా ఆ వరసని విత్తనంలో కలపకండి.